పాస్టర్ గారి పోషణ ఎవరి బాధ్యత? తరచుగా అడిగే ప్రశ్నలు

మా సంఘంలో పదకొండేళ్లు కానుకల లెక్కలు రాశాను. ఈ పేజీలో ఉన్న ప్రశ్నలన్నీ ఆ పదకొండేళ్లలో ఎవరో ఒకరు నన్ను అడిగినవే. చాలామంది ఆరాధన అయిపోయాక పక్కకు పిలిచి, గొంతు తగ్గించి అడిగారు. ప్రార్థన గురించి, బాప్తిస్మం గురించి గట్టిగా మాట్లాడుకునే మనం పాస్టర్ గారి ఇంటి ఖర్చు దగ్గరికి వచ్చేసరికి గుసగుసల్లోకి దిగిపోతాం. ఆ గుసగుసల వల్లే ఎంతోమంది సేవకుల కుటుంబాలు నలిగిపోతున్నాయని నా నమ్మకం. పాస్టర్ గారు నోరు తెరిచి అడగాల్సిన పరిస్థితి రాకముందే సంఘం కూర్చుని మాట్లాడుకోవాలి, నిర్ణయించుకోవాలి. కింద రాసిన జవాబులన్నీ ఆ మాట చుట్టూనే తిరుగుతాయి.

పాస్టర్ గారిని సంఘమే పోషించాలని బైబిల్లో ఎక్కడుంది?

ఒక్కచోట కాదు, చాలా చోట్ల ఉంది. అన్నిటికంటే వివరంగా ఉన్నది 1 కొరింథీయులకు 9వ అధ్యాయం. అక్కడ ఆ పత్రిక రాసిన అపొస్తలుడు పౌలు ముందు రోజూ కళ్ల ముందు కనిపించే మనుషులను చూపిస్తాడు. సొంత ఖర్చుతో యుద్ధానికి వెళ్లే సైనికుడు ఉంటాడా? ద్రాక్షతోట వేసి దాని పండ్లు తిననివాడు ఉంటాడా? మందను కాస్తూ దాని పాలు తాగనివాడు ఉంటాడా? ఆ తర్వాత ధర్మశాస్త్రంలోకి వెళ్తాడు. కళ్లం నూర్చే ఎద్దు మూతికి చిక్కం వేయకూడదని ద్వితీయోపదేశకాండము 25:4 చెబుతుంది. గింజల మధ్య రోజంతా తిరిగే ఎద్దు నాలుగు గింజలు నోట వేసుకోకుండా మూతి కట్టేయడం దేవుడికి ఇష్టం లేదు. తర్వాత దేవాలయంలో పనిచేసేవారు దేవాలయం నుంచే తింటారని గుర్తుచేస్తాడు. ఇవన్నీ చెప్పి 14వ వచనంలో తేల్చేస్తాడు: "సువార్త ప్రచురించువారు సువార్తవలన జీవింపవలెనని ప్రభువు నియమించియున్నాడు."

ఆ "నియమించియున్నాడు" అన్న మాట దగ్గర కాసేపు ఆగండి. వీలైతే చేయండి, మనసైతే చేయండి అని అక్కడ లేదు. ఇది ప్రభువు పెట్టిన ఏర్పాటు. అందుకే పాస్టర్ గారికి ఇచ్చేదాన్ని "సహాయం" అనడం నాకు ఇష్టం ఉండదు. సహాయం అంటే, చేయకపోయినా తప్పు లేదన్న అర్థం వచ్చేస్తుంది.

గలతీయులకు 6:6 ఇదే విషయాన్ని వినేవారి వైపు నుంచి చెబుతుంది: వాక్యం నేర్చుకునేవాడు నేర్పేవాడికి మంచి పదార్థాలన్నిటిలో భాగం ఇవ్వాలి. 1 తిమోతి 5:17-18 సంఘ పెద్దల గురించి మాట్లాడుతూ, చిక్కం వేయని ఎద్దునూ, "పనివాడు తన జీతమునకు పాత్రుడు" అన్న మాటనూ పక్కపక్కనే పెడుతుంది. ఆ రెండో మాట లూకా 10:7లో యేసు ప్రభువు నోటి నుంచి వచ్చింది.

"ఉచితముగా పొందితిరి, ఉచితముగా ఇయ్యుడి" అని ప్రభువే అన్నారు కదా?

అన్నారు. మత్తయి 10:8. కానీ అక్కడే ఆపేయకుండా ఇంకో రెండు వచనాలు చదవండి. సంచిలో బంగారం, వెండి, రాగి పెట్టుకోవద్దని చెప్పి, "పనివాడు తన ఆహారమునకు పాత్రుడు" అంటారు. రెండూ ఒకే మాటలో భాగాలు. శిష్యుడు సువార్తను అమ్మకూడదు, స్వస్థతకు రేటు కట్టకూడదు. అదే సమయంలో అతను వెళ్లిన ఇల్లు అతన్ని ఆకలితో ఉంచకూడదు. మొదటి మాట సేవకుడికి, రెండో మాట అతన్ని చేర్చుకున్నవారికి. మనం తరచుగా సేవకుడికి చెప్పిన మాటను పట్టుకుని, మనకు చెప్పినదాన్ని వదిలేస్తాం.

ప్రభువు తన సేవ కాలంలో ఇతరుల కానుకలను తీసుకున్నారు కూడా. మగ్దలేనే మరియ, హేరోదు గృహనిర్వాహకుడైన కూజా భార్య యోహన్న, సూసన్న, ఇంకా అనేకమంది స్త్రీలు తమకు ఉన్నదానితో ఆయనకూ శిష్యులకూ ఉపచారం చేశారని లూకా 8:1-3 పేర్లతో సహా రాసింది.

పౌలు డేరాలు కుట్టుకుని బతికాడు. మా పాస్టర్ గారు ఎందుకు పని చేసుకోకూడదు?

ఈ ప్రశ్న నన్ను అడిగినంతగా ఇంకేదీ అడగలేదు. అందుకే కాస్త నిదానంగా చెబుతాను.

పౌలు డేరాలు కుట్టిన మాట నిజం. కొరింథులో అకుల, ప్రిస్కిల్ల ఇంట్లో ఉంటూ, వాళ్లతో కలిసి ఆ పని చేశాడు (అపొస్తలుల కార్యములు 18:3). థెస్సలొనీకలో రాత్రింబగళ్లు కష్టపడ్డానని తనే రాశాడు. ఎఫెసు పెద్దలతో మాట్లాడుతూ తన చేతులు చూపించి, ఇవే నా అవసరాలూ నాతో ఉన్నవారి అవసరాలూ తీర్చాయన్నాడు.

కానీ అదే 18వ అధ్యాయంలో రెండు వచనాలు దాటాక ఏం జరిగిందో చూడండి. డేరాలు కుడుతున్న రోజుల్లో అతను విశ్రాంతిదినాన సమాజమందిరంలో బోధించేవాడు. సీల, తిమోతి మాసిదోనియ నుంచి వచ్చాక వాక్యబోధలో పూర్తిగా మునిగిపోయాడు. వాళ్లు రావడానికీ ఆ మార్పుకీ సంబంధం ఏమిటి? 2 కొరింథీయులకు 11:9లో జవాబు దొరుకుతుంది: మాసిదోనియ నుంచి వచ్చిన సోదరులు నా అక్కర తీర్చారు. అంటే వేరే సంఘాలు డబ్బు పంపితే, కొరింథువాళ్లకు వాక్యం అందింది. ఆ మాట చెప్పడానికి పౌలు వాడిన మాట చాలా కటువైనది. మీకు సేవ చేయడానికి ఇతర సంఘాల దగ్గర జీతం తీసుకుని, వారి ధనం దొంగిలించినవాడినయ్యానన్నాడు.

ఇంకొకటి కూడా గమనించాలి. తీసుకునే హక్కు తనకు ఉందని నిరూపించడానికి పౌలు దాదాపు సగం అధ్యాయం రాసి, ఆ తర్వాతే దాన్ని వాడుకోలేదన్నాడు. హక్కును వదులుకోవడం అతని ఇష్టం. వదులుకోమని చెప్పే హక్కు కొరింథు సంఘానికి లేదు. మన పాస్టర్ గారు సొంతంగా నిర్ణయించుకుని ఉద్యోగం చేస్తూ సేవ చేస్తే అది గౌరవించాల్సిన పిలుపు. మన దేశానికి వచ్చిన మిషనరీ విలియం కేరీ 1794లో నీలిమందు ఫ్యాక్టరీలో మేనేజర్‌గా చేరి, ఆ పని చూసుకుంటూనే బైబిల్ అనువాదం సాగించాడు. కానీ మనం ఇవ్వకపోవడం వల్ల ఆయన పనికి వెళ్లాల్సి వస్తే, ఆ లోటుకు పౌలు పేరు పెట్టకూడదు. ఎనిమిది గంటలు వేరే పని చేసి వచ్చిన మనిషి శనివారం రాత్రి పదకొండు గంటలకు వాక్యం తెరిస్తే, ఆదివారం మనకు అందేది ఆ మిగిలిన ఓపికే.

అసలు ఇది జీతమా, కానుకా?

మీ సంఘం ఏ పేరు పెట్టుకున్నా ఫరవాలేదు. బైబిల్ రెండు మాటలూ వాడింది: తిమోతికి రాసిన పత్రికలో "జీతము", ఫిలిప్పీయులకు రాసిన దానిలో "ఈవి". కానుక అన్నారని ఇష్టం వచ్చిన నెల ఇచ్చి, లేని నెల ఊరుకోవడం తప్పు. జీతం అన్నారని, మేము జీతం ఇస్తున్నాం కాబట్టి మేము చెప్పినట్టే ప్రసంగించాలి అనుకోవడం అంతకంటే పెద్ద తప్పు. ఆయన మన సేవకుడు కాదు. దేవుని సేవకుడు, మన మధ్య ఉన్నాడు.

"రెట్టింపు సన్మానం" అంటే శాలువా కప్పడమా?

శాలువా కప్పండి, తప్పులేదు. కానీ బాగా పాలన చేసే పెద్దలు రెట్టింపు సన్మానానికి పాత్రులని 1 తిమోతి 5:17లో రాసినప్పుడు పౌలు మాట్లాడుతున్నది దాని గురించి మాత్రమే కాదు. అక్కడ "సన్మానం" అని అనువదించిన గ్రీకు మాట "టిమే". దానికి గౌరవం అనీ, వెల అనీ రెండు అర్థాలూ ఉన్నాయి. యేసును అప్పగించిన యూదా తిరిగి పడేసిన ముప్పై వెండి నాణేలను ప్రధానయాజకులు "రక్తక్రయధనము" అన్నచోట కూడా ఇదే మాట ఉంది. అదే అధ్యాయం మొదట్లో నిజంగా దిక్కులేని విధవరాండ్రను సన్మానించమన్నప్పుడు కూడా పౌలు ఉద్దేశం వాళ్లను పోషించమనే. పైగా వెంటనే ఎద్దు, జీతం గురించి చెప్పాడు. కాబట్టి గౌరవం, పోషణ రెండూ కలిసే ఉన్నాయి. "రెట్టింపు" అంటే సరిగ్గా రెండింతల డబ్బు అని కొందరు, గౌరవమూ జీతమూ అని కొందరు వివరిస్తారు. నాకు రెండోదే సరిగ్గా అనిపిస్తుంది. ఎలా తీసుకున్నా, సగం గౌరవంతో సరిపెట్టుకోమని మాత్రం ఏ వివరణా చెప్పదు.

పాస్టర్ గారే తన అవసరం చెప్పవచ్చు కదా? ఆయన అడగకపోతే మాకెలా తెలుస్తుంది?

దీనికి జవాబు చెప్పాలంటే ఒక సాయంత్రం గురించి చెప్పాలి.

లెక్కల పుస్తకంలో సంతకం కోసం ఒక బుధవారం పాస్టర్ గారి ఇంటికి వెళ్లాను. ఆయన కళ్లజోడు కోసం లోపలికి వెళ్లారు. బల్ల మీద పాస్టరమ్మగారి మందుల చీటీ ఉంది. పదిహేను రోజులకు మందులు రాశారు. దాని పక్కనే కత్తెరతో కత్తిరించిన స్ట్రిప్ ముక్క. అందులో ఐదు మాత్రలు ఉన్నాయి. చీటీ మీద ఒక మందు పేరు పక్కన పెన్సిల్‌తో చిన్న గీత ఉంది, దాన్ని అసలు కొననే లేదు. ఆయన బయటికి వచ్చి, నేను చూశానని గమనించి, ఏమీ అనకుండా ఆ చీటీని బైబిల్ కింద పెట్టారు. సంతకం పెట్టి, మా అమ్మాయి పరీక్షల గురించి అడిగి, ప్రార్థన చేసి పంపించారు.

ఇంటికి వచ్చి పుస్తకం మొదటి నుంచి తిరగేశాను. నాలుగేళ్లుగా ఆయనకు ఇచ్చే మొత్తం అలాగే ఉంది. అద్దె పెరిగింది, ఫీజులు పెరిగాయి, ఆ ఒక్క అంకె మాత్రం మారలేదు. ఆ అంకెను నెలనెలా నా చేత్తోనే రాశాను. ఒక్కసారి కూడా ఎందుకు మారలేదని ఆలోచించలేదు. ఆయన ఎప్పుడూ అడగలేదు కాబట్టి అంతా బాగానే ఉందనుకున్నాను.

సేవకుడు ఎందుకు అడగలేడో ఆ తర్వాత అర్థమైంది. అడిగితే "డబ్బు మనిషి" అంటారేమోనని భయం. మరుసటి ఆదివారం కానుకల గురించి వాక్యంలో వచ్చినా, తన గురించే చెబుతున్నాడని అనుకుంటారని భయం. ఇవ్వలేని పేద విశ్వాసి బాధపడతాడని ఇంకో భయం. అందుకే అడగాల్సింది మనమే. ఏడాదికి ఒకసారైనా ఇద్దరు పెద్దలు పాస్టర్ గారితో, పాస్టరమ్మగారితో కూర్చుని, సూటిగా అడగాలి: అద్దె ఎంత, పిల్లల చదువుకు ఎంత, మందులకు ఎంత, అప్పు ఏమైనా ఉందా? మొదటిసారి "దేవుడు చూసుకుంటాడు" అనే అంటారు. రెండోసారి అడగండి.

ఎంత ఇవ్వాలి?

బైబిల్ అంకె చెప్పలేదు. అందువల్ల మన బుద్ధిని, మనస్సాక్షిని వాడాలి. మా పెద్దలం చివరికి ఒక సూటి కొలత పెట్టుకున్నాం: ఆరాధనకు వచ్చే కుటుంబాల్లో మరీ ధనికులనూ మరీ పేదలనూ పక్కన పెట్టి, మధ్యలో ఉన్నవాళ్లు ఎలా బతుకుతున్నారో పాస్టర్ గారి కుటుంబమూ అలా బతకగలగాలి. వాళ్ల పిల్లలు చదివినట్టు వీళ్ల పిల్లలూ చదవాలి. వాళ్లకు జ్వరం వస్తే డాక్టర్ దగ్గరికి వెళ్లినట్టు వీళ్లూ వెళ్లగలగాలి.

లెక్క వేసేటప్పుడు చాలా సంఘాలు చేసే పొరపాటు ఒకటుంది. సేవకు అయ్యే ఖర్చును కూడా పాస్టర్ గారి పోషణలో కలిపేస్తారు. ఆసుపత్రిలో ఉన్న విశ్వాసిని చూడడానికి పోసిన పెట్రోలు, సంఘం పని మీద ఫోన్ రీచార్జ్, ఇంటికి వచ్చే అతిథులు, వాక్యం సిద్ధపడడానికి పుస్తకాలు, ఇవి ఆయన ఇంటి ఖర్చు కాదు, సంఘం ఖర్చు. వీటిని వేరే వరుసలో రాయండి. అలా విడదీసి రాసిన రోజే మా సంఘానికి, ఆయన ఇంటికి నిజంగా మిగులుతున్నది ఎంత తక్కువో కనిపించింది.

నిర్ణయించిన మొత్తం నెలలో ఒకే తేదీన ఇవ్వండి. ఎంత అన్నది ముఖ్యం, ఎప్పుడు అన్నది కూడా అంతే ముఖ్యం. ఏ రోజు వస్తుందో తెలియని డబ్బుతో ఇల్లు నడపడం ఎంత టెన్షనో ఆ ఇంటివాళ్లకే తెలుసు. ధరలు పెరుగుతాయి కాబట్టి ఏటా ఆ అంకెను మళ్లీ చూడండి.

దశమభాగం తప్పనిసరా? అదంతా పాస్టర్ గారికేనా?

ఈ విషయంలో నమ్మకమైన విశ్వాసుల మధ్యే అభిప్రాయభేదం ఉంది. దశమభాగం నేటికీ ఆజ్ఞే అనేవాళ్లున్నారు. అది ఇశ్రాయేలుకు ఇచ్చిన ధర్మశాస్త్రంలో భాగమనీ, కొత్త నిబంధనలో ఇవ్వడానికి కొలత 2 కొరింథీయులకు 9:7 అనీ, అంటే సణగకుండా, బలవంతం లేకుండా, హృదయంలో నిశ్చయించుకున్నంత ఇవ్వడమే అనీ చెప్పేవాళ్లున్నారు. నేను రెండో వైపు ఉన్నాను. అయితే కృపలో ఉన్నవాడు ధర్మశాస్త్రం కింద ఉన్నవాడికంటే తక్కువ ఇవ్వడానికి దాన్ని సాకుగా వాడుకుంటే నాకు బాధ కలుగుతుంది. మొదలుపెట్టడానికి పదో వంతు మంచి అలవాటు.

ఇక అదంతా ఒక్కరికేనా అంటే, పాత నిబంధనలోనే అలా లేదు. సంఖ్యాకాండము 18లో దశమభాగం మందిర సేవ చేసే లేవీయులకు ఇచ్చారు, వాళ్లకు వేరే స్వాస్థ్యం, అంటే భూమిలో వాటా, లేదు. అయితే లేవీయులు కూడా అందుకున్న దానిలో పదో వంతు మళ్లీ అర్పించాలి. ద్వితీయోపదేశకాండము 14:28-29లో మూడో ఏటి దశమభాగం లేవీయులతో పాటు పరదేశులకు, తండ్రిలేని పిల్లలకు, విధవరాండ్రకు చెందింది. కాబట్టి సంఘం కానుకల్లో సేవకుడి భాగం, పేదల భాగం, మందిరం ఖర్చు అన్నీ ఉండాలి. దశమభాగమంతా మందిరపు నిధిలోకి తెమ్మనే మలాకీ 3:10 చదివి విశ్వాసులను భయపెట్టడం మాత్రం నేను ఒప్పుకోను. భయంతో ఇచ్చిన కానుకను లెక్కపెడుతున్నప్పుడు నా చేతులు కూడా బరువెక్కేవి.

మాది చిన్న సంఘం. నిజంగా ఇవ్వలేం. ఏం చేయాలి?

ముందు "నిజంగా" అన్న మాటను లెక్కతో తేల్చుకోండి. పది కుటుంబాలు తమ ఆదాయంలో పదో వంతు ఇస్తే, వచ్చే మొత్తం వాళ్లలో సగటు కుటుంబం ఆదాయంతో సమానం. అంటే పది కుటుంబాలు పదకొండో కుటుంబాన్ని తమలాగే బతికించగలవు. అద్దెకు, కరెంటుకు, పేదలకు కూడా కావాలి కాబట్టి పదిహేను, ఇరవై కుటుంబాలైతే ఊపిరి ఆడుతుంది. ఈ లెక్క చేసి చూపించినప్పుడు మా సంఘంలో కొందరు ఆశ్చర్యపోయారు.

చరిత్రలో ఒక పెద్ద ఉదాహరణ ఉంది. 1843లో స్కాట్లాండ్‌లో 450 మందికి పైగా సేవకులు, కాపరిని సంఘమే ఎంచుకోవాలన్న నమ్మకం కోసం, అధికారిక సంఘాన్ని వదిలి బయటికి వచ్చారు. అంటే ఒక్కసారిగా జీతాలు, ఇళ్లు, మందిరాలు అన్నీ వదులుకున్నారు. వాళ్ల నాయకుడు థామస్ చామర్స్ ముందుచూపుతో ఒక పోషణ నిధిని ఏర్పాటు చేశాడు. పేద కుటుంబాలు కూడా క్రమం తప్పకుండా చిన్న చిన్న మొత్తాలు ఇచ్చేలా చూశాడు. వచ్చినదంతా ఒకచోట చేర్చి సేవకులందరికీ సమానంగా పంచారు. పట్టణంలో ఉన్న సంఘం ఎక్కువ ఇచ్చింది, మారుమూల కొండల్లో ఉన్న సంఘానికి కాపరి మిగిలాడు.

ఇంత చేసినా చాలకపోతే ఆ మాట పాస్టర్ గారికి దాచకుండా చెప్పండి. ఆయన కొంత సమయం వేరే పని చేసేలా కలిసి నిర్ణయించుకోవచ్చు. అలాంటప్పుడు సంఘం ఆయన దగ్గర ఆశించే పని కూడా తగ్గించుకోవాలి. సగం పోషణ ఇచ్చి, ఇరవైనాలుగు గంటలూ పిలిస్తే పలకాలనుకోవడం న్యాయం కాదు. పొరుగున ఉన్న సంఘంతో కలిసి ఒక కాపరిని పంచుకోవడం కూడా చక్కని మార్గం.

కానుక నేరుగా పాస్టర్ గారి చేతికే ఇవ్వవచ్చా?

ప్రేమతో చేతిలో పెట్టే కవరును ఎవరూ ఆపలేరు, ఆపకూడదు. కానీ ఆయన నెలవారీ జీవనం మాత్రం కవర్ల మీద నడవకూడదు. కవరు ఇచ్చిన కుటుంబానికి ఒక రకం పలకరింపు, ఇవ్వని కుటుంబానికి ఇంకో రకం అన్న అనుమానం సంఘంలో మొదలైతే, పాస్టర్ గారు ఎంత నిష్పక్షపాతంగా ఉన్నా ఆ మచ్చ పోదు. పెద్ద మొత్తం ఇచ్చేవాళ్ల తప్పును ఎత్తిచూపడం ఆయనకు కూడా కష్టమవుతుంది.

అందుకే పెట్టెలో పడినదాన్ని ఒక్కరు ఎప్పుడూ లెక్కపెట్టకూడదు. ఇద్దరు, ముగ్గురు కలిసి లెక్కపెట్టాలి, అప్పుడే పుస్తకంలో రాసి సంతకాలు పెట్టాలి, ఏడాదికోసారి సంఘమంతటి ముందు చదివి వినిపించాలి. అపనమ్మకంతో చెప్పడం లేదు. యేసు ప్రభువు శిష్యుల మధ్యే డబ్బు సంచి పట్టుకున్నవాడు దొంగిలించాడు (యోహాను 12:6). పౌలు యెరూషలేములోని పేద విశ్వాసుల కోసం పోగుచేసిన కానుకను తీసుకెళ్లేటప్పుడు, తన మీద ఎవరూ తప్పు మోపకుండా సోదరులను వెంటబెట్టుకున్నాడు (2 కొరింథీయులకు 8:20-21). మంచి లెక్కలు అందరికంటే ఎక్కువగా కాపాడేది నిజాయితీగల పాస్టర్ గారినే.

పాస్టరమ్మగారు కూడా సేవ చేస్తారు. ఆమె సంగతి?

చాలా సంఘాల్లో స్త్రీల కూడిక, సండే స్కూల్, ఇళ్లకు వెళ్లి ప్రార్థించడం, వచ్చినవాళ్లందరికీ ఇంత పెట్టడం, అన్నీ ఆమే చూస్తారు. లెక్కల పుస్తకంలో మాత్రం ఆమె పేరు ఎక్కడా ఉండదు. అపొస్తలులు భార్యను వెంటబెట్టుకుని తిరిగే హక్కును పౌలు 1 కొరింథీయులకు 9:5లో పోషణ గురించిన వాదనలోనే చెప్పాడు. అంటే సంఘం పోషించేది ఒక్క మనిషిని కాదు, ఒక ఇంటిని. ఆమె ఉద్యోగం చేస్తుంటే "వాళ్లకేం, ఇద్దరు సంపాదిస్తున్నారు" అని మన భాగం తగ్గించుకోకూడదు.

డబ్బు కాకుండా ఇంకేం చేయవచ్చు?

గలతీయులకు 6:6 "మంచి పదార్థములన్నిటిలో" అంటుంది. షూనేములోని స్త్రీని గుర్తుచేసుకోండి. ఎలీషా అటువైపు వచ్చినప్పుడల్లా తమ ఇంట్లో భోజనం చేయడం చూసి, భర్తతో మాట్లాడి, మేడ మీద చిన్న గది కట్టించింది. అందులో ఒక మంచం, ఒక బల్ల, ఒక పీట, ఒక దీపస్తంభం పెట్టించింది (2 రాజులు 4:10). ప్రవక్త ఒక్కమాట అడగలేదు. అలసిన మనిషికి పడుకోవడానికి ఏం కావాలి, చదువుకోవడానికి ఏం కావాలి అని ఆమే ఆలోచించింది.

వారంలో ఒక రోజు పూర్తిగా ఆయన్ను కదిలించకుండా వదిలేయండి. ఏడాదిలో కొన్ని రోజులు కుటుంబంతో వెళ్లి రమ్మనండి, ఆ వారాల ప్రసంగాలకు మీరే ఏర్పాటు చేసుకోండి. ఆయన మీద ఏదైనా నింద వినిపిస్తే, ఇద్దరు ముగ్గురు సాక్షులు లేకుండా దాన్ని అంగీకరించకండి. ఇది 1 తిమోతి 5:19లో, పోషణ గురించిన మాటల వెంటనే వస్తుంది. ఇక ప్రార్థన. ఆయన మన పేర్లన్నీ ఎత్తి ప్రార్థిస్తారు. ఆయన పిల్లల పేర్లు మనలో ఎంతమందికి తెలుసు?

ఆన్‌లైన్‌లో నాకు దీవెనకరంగా ఉన్న పరిచర్యకు పంపుతున్నాను. అది సరిపోదా?

పంపండి. కానీ మీ ఇంట్లో అర్ధరాత్రి ఎవరికైనా ప్రాణం మీదికి వస్తే ఎవరికి ఫోన్ చేస్తారో, ముందు ఆ కాపరి ఇంటి సంగతి చూడండి.

ఆయన బోధ నచ్చకపోతే కానుక ఆపేయవచ్చా?

డబ్బును కళ్లెంగా వాడకూడదు. బోధ వాక్యానికి విరుద్ధంగా ఉంటే, బైబిల్ పట్టుకుని పెద్దలతో కలిసి ఆయన దగ్గరికి వెళ్లి మాట్లాడాలి. నిజంగా తప్పుడు బోధే అయితే, సమస్య కానుకది కాదు. ఆయన ఆ స్థానంలో కొనసాగాలా అన్నదే సమస్య. బోధ సరైనదే, నా తప్పును తాకింది కాబట్టి నచ్చలేదు అంటే, అలాంటి ప్రసంగం చేయడానికే ఆయన్ను మనం పోషిస్తున్నాం.

డబ్బు కోసమే సేవలోకి వచ్చినవాళ్లు ఉన్నారు కదా? వాళ్లను కూడా పోషించాలా?

ఉన్నారు. మోసపోయినవాళ్ల బాధ నాకు తెలుసు, అందుకే ఈ ప్రశ్న అడిగినవాళ్ల మీద నాకు కోపం రాదు. బైబిల్ కూడా దీన్ని దాచలేదు. యాజకుడైన ఏలీ కొడుకులు మూడు ముళ్ల కొంకితో బలిమాంసాన్ని బలవంతంగా తీసుకున్నారు. కుష్ఠు నయమైన నయమాను ఇవ్వబోతే ఎలీషా వద్దన్నదాన్ని, ఎలీషా పనివాడు గేహజీ వెంటపడి అబద్ధం చెప్పి తెచ్చుకున్నాడు. మొదటి తరాల క్రైస్తవులు రాసుకున్న "డిడాకే" అనే చిన్న పుస్తకం ఈ విషయంలో చాలా స్పష్టంగా ఉంటుంది. తిరుగుతూ వచ్చే సేవకుడు ఒకటి రెండు రోజులు ఉండవచ్చు. మూడు రోజులు ఉన్నా, డబ్బు అడిగినా అతను అబద్ధ ప్రవక్త అంటుంది. ఆ పుస్తకమే, కొంచెం ముందుకు వెళ్లాక, మీ మధ్య స్థిరపడాలనుకునే నిజమైన ప్రవక్త తన ఆహారానికి పాత్రుడు, ప్రథమఫలాలు అతనికి ఇవ్వండి అంటుంది. మోసగాళ్లను చూసినవాళ్లే నిజమైన సేవకుణ్ణి పోషించమన్నారు.

వడపోత ముందే జరగాలి. ధనాపేక్ష లేనివాడై ఉండాలన్నది సంఘ అధ్యక్షుడి అర్హతల్లోనే ఉంది (1 తిమోతి 3:3). దుర్లాభాపేక్షతో కాక సిద్ధమనసుతో మందను కాయమని పేతురు రాశాడు. కాపరిని ఎంచుకునేటప్పుడు ఇది చూడండి, తర్వాత లెక్కలు తెరిచి ఉంచండి. కొందరు ఇవేవీ చేయకుండా, "తక్కువ ఇస్తే వినయంగా ఉంటాడు" అనుకుంటారు. లేమి దురాశకు మందు కాదు. డబ్బు గురించి మరిచిపోయి ఉండగలిగిన మనిషికి కూడా అది రోజంతా దాని గురించే ఆలోచించే పరిస్థితి తెస్తుంది.

వయసు మళ్లాక, లేదా ఆయనకు ఏదైనా అయితే?

సంఘం ఇచ్చిన ఇంట్లో ముప్పై ఏళ్లు ఉన్న పాస్టర్ గారు, రిటైరైన రోజున ఆ ఇల్లు ఖాళీ చేయాలి. అప్పుడు ఎక్కడికి వెళ్తారు? ఇల్లు ఇస్తున్నాం కదా అని తక్కువ ఇచ్చిన సంఘాలు ఈ రోజు గురించి ముందే ఆలోచించాలి. ప్రతి నెలా ఆయన పేరు మీద కొంత పొదుపు, కుటుంబానికి ఆరోగ్య బీమా, ఆయన ప్రాణానికి బీమా, ఈ మూడూ సంఘం ఖర్చులో ఉండాలి. చిన్న మొత్తమైనా సేవ మొదలైన ఏడాదే మొదలుపెట్టాలి. సేవకుడు చనిపోతే భార్యాపిల్లలు ఆ ఇంట్లో ఎంతకాలం ఉండవచ్చో, సంఘం ఏం చేస్తుందో అందరూ బాగున్నప్పుడే కాగితం మీద రాసుకోండి. ఏడుస్తున్న ఇంట్లో కూర్చుని ఈ చర్చ చేయడం నేను చూశాను, ఇంకెవరికీ ఆ పరిస్థితి రాకూడదు.

ఇన్నేళ్లు పట్టించుకోలేదు. ఇప్పుడు ఎలా మొదలుపెట్టాలి?

యూదా అధికారిగా ఉన్న నెహెమ్యా యెరూషలేముకు తిరిగి వచ్చి చూసేసరికి లేవీయులకు రావాల్సిన భాగాలు అందడం లేదు. వాళ్లు మందిరం వదిలి ఎవరి పొలాలకు వాళ్లు వెళ్లిపోయారు (నెహెమ్యా 13:10). అతను లేవీయులను తప్పుపట్టలేదు. అధిపతులను నిలదీశాడు: దేవుని మందిరం ఎందుకు విడిచిపెట్టబడింది? తర్వాత లేవీయులను వెనక్కి పిలిపించి, వాళ్ల వాళ్ల స్థలాల్లో నిలబెట్టాడు. యాజకుడైన షెలెమ్యా, శాస్త్రియైన సాదోకు, లేవీయుడైన పెదాయా, వాళ్లకు తోడుగా హానాను, ఈ నలుగురి చేతికి దశమభాగాలు నిల్వ ఉంచే కొట్లు అప్పగించాడు, నమ్మకస్తులని పేరున్నవాళ్లు కాబట్టి.

మేము కూడా పెద్దలమే ముందు కూర్చున్నాం. నాలుగేళ్ల లెక్కలు బల్ల మీద పెట్టాను. ఎవరూ ఎవరినీ నిందించలేదు. పాస్టర్ గారు లేని సమయంలో సంఘానికి విషయం చెప్పాం, ఎందుకంటే ఆయన ముందు ఆయన అవసరాలు చదవడం ఆయనకు అవమానం. ఏ కుటుంబం ఎంత ఇవ్వగలదో ఒక చీటీ మీద రాసి పెట్టెలో వేయమన్నాం, పేరు రాయనవసరం లేదన్నాం. చీటీలు లెక్కపెట్టాక, కొత్త అంకె పుస్తకంలో రాశాం. తర్వాత ఇద్దరం ఆయన ఇంటికి వెళ్లి, ఇన్నేళ్లు గమనించనందుకు క్షమించమని అడిగాం. ఫిలిప్పీయులకు పౌలు రాసిన మాట ఆయన అప్పుడు చెప్పారు: మీరు నా గురించి ఆలోచించారు గానీ మీకు సమయం దొరకలేదు. అది మాకు తగిన మాట కాదని మాకు తెలుసు, ఆయనకూ తెలుసు. పాస్టరమ్మగారు లోపలికి వెళ్లి మాకు మంచినీళ్లు తెచ్చారు. ఆ నెల నుంచి ఒకటో తేదీన ఇస్తున్నాం.